వెన్నుపూస విరిగినప్పుడు: సీ-ఆర్మ్ నడిపేవాడిగా నాకు తెలిసిన జాగ్రత్తలు

"సారూ, కోసి చేస్తరా, చూసి చేస్తరా?"

సీ-ఆర్మ్ మిషన్‌ను, అంటే ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే బొమ్మలు తీసి తెర మీద చూపే మిషన్‌ను, థియేటర్లోకి తోసుకెళ్తుంటే బయట బల్ల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. ఇరవై రెండేళ్లుగా నల్గొండలోనూ హైదరాబాద్‌లోనూ ఆర్థోపెడిక్ థియేటర్లలో నా పని ఇదే. ఆపరేషన్ జరుగుతుండగా డాక్టరుగారు అడిగిన కోణంలో ఎముక బొమ్మ తెర మీద చూపిస్తాను. నేను టెక్నీషియన్ని. ఆపరేషన్ కావాలా వద్దా అని చెప్పాల్సింది డాక్టర్లే. కానీ చూసి చేసే ఆపరేషన్లో, అంటే పెద్దగా కోయకుండా తెర మీది బొమ్మ చూస్తూ చేసేదాంట్లో, ఆ చూపు నా చేతుల మీదుగా నడుస్తుంది. అది సరిగ్గా నడవాలంటే రోగి ఇంటివాళ్లు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. మా బావ తాటిచెట్టు మీంచి పడ్డప్పుడు ఒకసారి, మా అమ్మకు పూస నలిగినప్పుడు ఇంకోసారి నేనూ ఆ బల్ల మీదే కూర్చున్నాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పడ్డచోట

బావ గీత కార్మికుడు. మోకు జారి ఇరవై అడుగుల ఎత్తు నుంచి పిర్రల మీద పడ్డాడు. అలా పడితే దెబ్బంతా ఛాతీ వెన్ను, నడుం వెన్ను కలిసేచోట తగులుతుంది. పైపూసలను పక్కటెముకలు పట్టి ఉంచుతాయి, కింది పూసలు కదులుతాయి. ఆ రెండింటి నడుమ ఉన్న డి 12 (ఛాతీ వెన్నులో చివరిది), ఎల్ 1 (నడుం వెన్నులో మొదటిది) పూసలు నలుగుతాయి. పెద్దవాళ్లలో వెన్నుపాము కూడా ఎల్ 1 దరిదాపుల్లోనే ముగుస్తుంది. ఎక్కువగా విరిగే చోటే నరాలకు ఎక్కువ ముప్పున్న చోటు కూడా.

అక్క నాకు ఫోన్ చేసేటప్పటికి నలుగురు బావ చంకల్లో చేతులేసి ఆటోలో కూర్చోబెట్టబోతున్నారు. "అక్కా, ఎత్తకుండ్రి, కూసోబెట్టకుండ్రి. కాళ్ల వేళ్లు కదుపుతున్నడా చూడు" అన్నాను. కదుపుతున్నాడు. 108కి చేయమన్నాను. అది వచ్చేదాకా వెల్లకిలానే, నేల మీదనే ఉంచమన్నాను. అంబులెన్సులో స్పైన్ బోర్డు ఉంటుంది. దాని మీదికి మార్చేటప్పుడు ఒకరు తల దగ్గర కూర్చుని తల, మెడ కదలకుండా రెండు చేతులతో పట్టుకోవాలి. ముగ్గురు ఒకే పక్కన మోకాళ్ల మీద కూర్చుని భుజాలు, నడుం, కాళ్లు పట్టుకోవాలి. తల పట్టుకున్నవాళ్లు చెప్పగానే అందరూ ఒక్కసారే దుంగను దొర్లించినట్టు తిప్పాలి. ఇంకొకరు వెనక నుంచి బోర్డు జరపాలి. నడుం దగ్గర మెలి పడకూడదు. విరిగిన ముక్క నరాలు పోయే కాలవలోకి జరగడానికి ఆ ఒక్క మెలి చాలు.

మూడు సంగతులు టైముతో సహా కాగితం మీద రాసి పెట్టుకోండి. కాళ్ల వేళ్లు కదులుతున్నాయా, కూర్చునే చోట స్పర్శ తెలుస్తోందా, మూత్రం వస్తోందా. పడ్డప్పుడు కదిలిన కాలు సాయంత్రానికి కదలకపోతే డాక్టరుకు అది అన్నిటికన్నా పెద్ద వార్త. మూత్రం ఆగిపోయినా, కాళ్లు బలహీనపడుతున్నా తెల్లారేదాకా ఆగకూడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రి చేరాలి.

2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు వాళ్ల దేవుడు కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి అందరి నడుములకూ చేరాలని నా కోరిక.

బొమ్మలు, వాటి సీడీ

ఎక్స్‌రేలో పూస ఎంత కుంగిందో తెలుస్తుంది. సీటీలో ఎముక ఎన్ని ముక్కలైంది, కాలవలోకి ఎంత వచ్చింది అన్నది తెలుస్తుంది. నరాల సంగతీ, పూసలను వెనక నుంచి కట్టి ఉంచే బంధాలు (లిగమెంట్లు) తెగాయా లేదా అన్నదీ ఎమ్మారై చెబుతుంది. ముసలివాళ్ల విషయంలో ఎమ్మారైకి ఇంకో పని కూడా ఉంది. అమ్మకు మూడు పూసలు నలిగి ఉన్నాయి. రెండు ఎప్పటివో ఆమెకే తెలియదు. కొత్తగా విరిగిన పూసలో నీరు చేరి ఒక రకం ఎమ్మారై బొమ్మలో తెల్లగా మెరుస్తుంది, పాతది మెరవదు. నొప్పి ఏ పూసదో తేల్చింది ఆ తెలుపే. టీబీ, క్యాన్సర్ కూడా పూసను ఇలాగే నలిపేస్తాయి. మన దేశంలో వెన్ను టీబీ అరుదు కాదు కాబట్టి దెబ్బ తగలకుండానే పూస నలిగినా, రాత్రిళ్లు నొప్పి పెరిగినా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆ మాట డాక్టరుకు చెప్పి తీరాలి.

ఫిల్ములతో పాటు సీడీ అడిగి తీసుకోండి. స్కాన్ సెంటర్ వాళ్లు అడిగితేనే ఇస్తారు. ఫిల్మును ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే పెడికిల్ (పూసలో స్క్రూ దూరే ఎముక గొట్టం) వెడల్పు కొలవడం కుదరదు. సీడీలో మిల్లీమీటర్లలో కొలవొచ్చు. ఏ సైజు స్క్రూ పడుతుందో ఆపరేషన్‌కు ముందే తేలుతుంది. ఆరోగ్యశ్రీ అనుమతికి కూడా ఈ బొమ్మలే పంపాలి. ఫిల్ములు మడవకండి, ఎండలో పెట్టకండి.

పాత ఎక్స్‌రేలు ఎందుకు పారేయొద్దంటానో చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక థియేటర్లో ఒక పెద్దావిడను బల్ల మీద బోర్లా పడుకోబెట్టాం. రిపోర్టులో ఎల్ 1 అని ఉంది. నేను సీ-ఆర్మ్‌తో కిందినుంచి, తుంటి ఎముక దగ్గర మొదలుపెట్టి అయిదు పూసలు లెక్కపెట్టి ఆపాను. డాక్టరుగారు పైనుంచి, చివరి పక్కటెముక ఉన్న పూస నుంచి లెక్కపెట్టారు. ఇద్దరికీ ఒకే పూస రాలేదు. కొందరికి నడుములో అయిదుకు బదులు ఆరు పూసలు ఉంటాయి. ఆవిడకు రెండు పూసలు నలిగి ఉన్నాయి, కొత్తది ఒక్కటే. ఇంటివాళ్లు తెచ్చింది నడుం భాగం ఫిల్ము మాత్రమే, సీడీ లేదు. ఇంకా చర్మం మీద కత్తి పెట్టలేదు. పనంతా ఆపి బయట కూర్చున్న కొడుకును పిలిపిస్తే సంచిలోంచి ఏడాది నాటి ఎక్స్‌రే తీశాడు. అందులో పక్కటెముకల నుంచి తుంటి దాకా మొత్తం ఉంది. దాన్ని పట్టుకుని లెక్క తేల్చాం. ఆ రోజు నుంచి నేను కింది నుంచీ పైనుంచీ రెండు లెక్కలూ వేస్తాను. మీరు కూడా డాక్టరును ముందే అడగొచ్చు: "సార్, ఏ పూస? ఎట్లా లెక్కపెడతరు?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోరు.

ఆపరేషన్ అవసరమేనా

విరిగిన ప్రతి పూసకూ ఆపరేషన్ అక్కర్లేదు. నరాలు బాగుండి, పూస నిలకడగా ఉంటే బెల్టు, మందులు, విశ్రాంతితోనే చాలామందికి కుదురుకుంటుంది. బావకు ఎల్ 1 బద్దలై ముక్క వెనక్కి వచ్చింది, వెనక బంధాలు తెగాయి. స్క్రూలు, రాడ్లు తప్పలేదు. అమ్మది ఎముక గుల్లబారి నలిగిన పూస. అక్కడ సిమెంటు మాట, అంటే నలిగిన పూసలోకి సూదితో ఎముక సిమెంటు ఎక్కించే మాట వచ్చింది.

సిమెంటు ఎక్కించే ఈ పద్ధతి 1984లో ఫ్రాన్స్‌లోని అమియాఁ నగరంలో మొదలైంది. సర్జన్ గాలిబేర్, రేడియాలజిస్టు డెరమాన్ కలిసి మెడలోని రెండో పూసలో పెరిగిన రక్తనాళాల గడ్డకు ఇలా చేశారు. తర్వాత గుల్లబారిన ఎముకకు వాడటం పెరిగింది. 2009లో వెలువడ్డ రెండు పరిశోధనల్లో సిమెంటు పెట్టినవాళ్లకూ, పెట్టినట్టు నటించి వదిలేసినవాళ్లకూ నొప్పి తగ్గడంలో తేడా కనిపించలేదు. 2016లో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలో మాత్రం విరిగి ఆరు వారాలు దాటనివాళ్లకు, నొప్పి బాగా తీవ్రంగా ఉన్నవాళ్లకు మేలు జరిగింది. అందుకే అమ్మ విషయంలో మేము మూడు వారాలు మందులతో చూశాం. మంచం మీద పక్కకు తిరగడానికి కూడా ఏడుస్తుంటే అప్పుడు ఒప్పుకున్నాం. మీరు అడగాల్సినవి కూడా ఇవే. ఇది కొత్తగా విరిగిందేనా, నిలకడగా ఉందా, ఆపరేషన్ లేకుండా ఎన్నాళ్లు చూడొచ్చు.

థియేటర్‌కు పంపే ముందు

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే పేరు, మోతాదు రాసి ఇవ్వండి. ఎప్పుడు ఆపాలో, ఆపాలో వద్దో గుండె డాక్టరు, మత్తు డాక్టరు కలిసి చెబుతారు. మీ అంతట మీరు ఆపకండి. షుగర్ ఎంతుందో, పేస్‌మేకర్ ఉందో లేదో, కదిలే పళ్లు ఉన్నాయో చెప్పండి. ఆడవాళ్లకు నెల తప్పిందేమో అన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే గదికి రాకముందే చెప్పాలి. మామూలుగా అన్నం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు ఆపమంటారు. మీ మత్తు డాక్టరు చెప్పిందే మీకు లెక్క.

ఇక నా వైపు నుంచి చేతులు జోడించి అడిగేది ఒకటుంది. మొలతాడు, దానికి కట్టిన తాయెత్తు, వెండి బిళ్ల, తాళంచెవి, పిన్నీసు తీసి ఇంటివాళ్ల చేతికి ఇవ్వండి. అవి సరిగ్గా నడుం పూసల మీద పడతాయి. బొమ్మలో తాయెత్తు రేకు నల్లటి మచ్చలా వచ్చి పెడికిల్‌ను కప్పేస్తుంది. బావ మొలకు కట్టిన కాటమయ్య తాయెత్తును అక్క తీయనంది. "ఆపరేషన్ అయ్యేదాకా నీ చేతికి కట్టుకో అక్కా, అయినంక మళ్లీ కడుదువు" అంటే ఒప్పుకుంది. వార్డులోకి రాగానే తనే మళ్లీ కట్టింది.

కడుపులో గ్యాసు నిండినా బొమ్మ మసకబారుతుంది. వెన్ను విరిగినవాళ్లకు కడుపు ఉబ్బడం మామూలే. రెండు మూడు రోజులుగా మలవిసర్జన లేకపోతే సిగ్గుపడకుండా సిస్టర్‌కు చెప్పండి.

లోపల ఏం జరుగుతుంది

మత్తు ఇచ్చాక రోగిని బోర్లా తిప్పుతారు, దుంగ దొర్లించినట్టే. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు పెట్టి పొట్టను గాల్లో వదిలేస్తారు. పొట్ట నొక్కుకుంటే వెన్ను దగ్గరి సిరల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఎక్కువ పోతుంది. ఇలా పడుకోబెట్టడంతోనే కుంగిన పూస కొంత తెరుచుకోవడం చాలాసార్లు తెర మీద చూశాను.

గుడ్డలు కప్పకముందే నేను మిషన్‌ను రోగి చుట్టూ ఒకసారి తిప్పి చూస్తాను. బల్ల కాలు అడ్డు వస్తుందా, ఈసీజీ తీగ బొమ్మలో పడుతుందా, పక్క నుంచి తీస్తే పూస పూర్తిగా కనిపిస్తుందా. ఈ అయిదు నిమిషాలు తొందరపడి వదిలేస్తే తర్వాత గంట పోతుంది.

ముందు నుంచి తీసే బొమ్మలో పూసకు రెండు కళ్లు ఉన్నట్టుంటుంది. అవే పెడికిళ్లు. పూస ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య ఉన్న ఎముక గొట్టాలు. స్క్రూ అయినా సూది అయినా ఆ గొట్టంలోంచే పోవాలి. గొట్టం లోపలి గోడ దాటితే నరాల కాలవ. కాబట్టి బొమ్మ వంకరగా ఉంటే దారి వంకరవుతుంది. నేను చూసుకునేవి రెండు గుర్తులు. వెనక ముల్లు (పూస నుంచి వీపు వైపు పొడుచుకొచ్చే ఎముక మొన) రెండు కళ్ల మధ్య సరిగ్గా నడిమిన ఉండాలి. పూస పై అంచు ఒకే గీతగా కనిపించాలి. రెండు గీతలుగా వస్తే మిషన్‌ను తల వైపో కాళ్ల వైపో వంచాలి. నలిగిన పూస ఒరిగి ఉంటుంది కాబట్టి పక్క పూసకు కుదిరిన కోణం దీనికి కుదరదు. ప్రతి పూసకూ కొత్తగా సరిచూడాలి. పక్క బొమ్మలో రెండు పెడికిళ్లూ ఒకదాని మీద ఒకటి పడి ఒక్కటిగా కనిపించాలి.

గడియారంతో పోలిస్తే ఎడమ కంటికి పది గంటల చోట, కుడి కంటికి రెండు గంటల చోట సూది మొన ఆనిస్తారు. అక్కడ నుంచి లోపలికి పోతుంటే రెండు బొమ్మలూ మార్చి మార్చి అడుగుతారు. పక్క బొమ్మలో మొన పూస వెనక గోడను దాటేదాకా, ముందు బొమ్మలో కంటి లోపలి అంచును దాటకూడదు. ముందే దాటితే కాలవలోకి పోతున్నట్టు. ఈ ఒక్క నియమం కోసమే నేను అన్నిసార్లు మిషన్ తిప్పుతాను. నా తొలి ఏళ్లలో ఒక పెద్ద సర్జన్ "తమ్మీ, నీకు బొమ్మ నచ్చకపోతే ఆపు అను. నేను ఆగుతా" అన్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు మొదట నేర్పేది ఆ 'ఆపు' అనడమే.

బావకు విరిగిన పూసకు పైనా కిందా స్క్రూలు వేసి రాడ్లతో కట్టారు. నలిగిన పూసలో కూడా రెండు చిన్న స్క్రూలు వేశారు. కండరాలన్నీ విడదీయకుండా చిన్న కోతల్లోంచి వేసే పద్ధతిలో బొమ్మలే కళ్లు కాబట్టి ఎక్స్‌రే ఎక్కువసార్లు పడుతుంది.

సిమెంటు అయితే కథ వేరు. అది ఎక్స్‌రేలో కనిపించాలని బేరియం కలుపుతారు. కలిపిన వెంటనే పలచగా ఉంటుంది. పళ్ల పేస్టులా గట్టిపడ్డాకే ఎక్కించాలి. పలచగా ఉన్నప్పుడు తోస్తే సిరల్లోకి జారి ఊపిరితిత్తులకు చేరవచ్చు, వెనక గోడ దాటి నరాలను నొక్కవచ్చు. గది వేడిగా ఉంటే త్వరగా గట్టిపడుతుంది, చల్లగా ఉంటే ఆలస్యం. అమ్మ ఆపరేషన్ రోజు మిషన్ దగ్గర నా తోటి టెక్నీషియన్ ఉన్నాడు. నేను వద్దనుకున్నాను, చెయ్యి వణుకుతుందని. పక్క బొమ్మ మీంచి కన్ను తీయకుండా కొంచెం కొంచెంగా ఎక్కించి, సిమెంటు పూస వెనక భాగానికి చేరువవుతుండగానే ఆపేశారని తర్వాత చెప్పాడు. పూస నిండా నింపాలన్న ఆశ పడకూడదని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో రోగి చుట్టూ తిరిగి సీటీలాంటి బొమ్మ తీసే మిషన్, దానితో నావిగేషన్ ఉన్నాయి. వెన్ను ముల్లుకు ఒక చిన్న ఫ్రేము బిగిస్తారు. కెమెరా ఆ ఫ్రేమును చూసి పరికరం ఎక్కడుందో బొమ్మ మీద చూపిస్తుంది. భుజాలు అడ్డొచ్చి పక్క బొమ్మ మసకగా వచ్చే పై ఛాతీ పూసలకు, పుట్టుకతోనో జబ్బుతోనో వంగిన వెన్నుకు ఇది చాలా సాయం. కానీ ఎవరి మోచెయ్యి తగిలినా, ఫ్రేము కొద్దిగా కదిలినా తెర మీది దారంతా పక్కకు జరిగిపోతుంది. తెర మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తుంది. అందుకే మధ్యమధ్యలో పరికరాన్ని తెలిసిన ఎముక మొన మీద ఆనించి సరిచూసుకుంటారు. ఆ మిషన్ లేదని చెప్పి మంచి చేతినీ మంచి బొమ్మనూ వదులుకుని ఊళ్లు తిరగకండి.

ఎక్స్‌రే వల్ల ముప్పేమో అని చాలామంది భయపడతారు. రోగికి ఇది ఒకటి రెండుసార్లు జరిగే పని, లాభం ముందు ఆ ముప్పు చిన్నది. ఏళ్ల తరబడి అక్కడే నిలబడేది మేము. సీసం ఆప్రాన్ వేసుకుంటాం. లోపల మాకు తగిలిన ఎక్స్‌రేను నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, మూడు నెలలకోసారి కొలుస్తారు. ఒంటికి తగిలే మోతాదు అయిదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదన్నది మన దేశంలో నియమం. ఒక అడుగు దూరంలో ఉన్నవాళ్లు రెండు అడుగులకు జరిగితే నాలుగో వంతే తగులుతుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. పక్క బొమ్మ తీసేటప్పుడు ఎక్స్‌రే ట్యూబు ఉన్న వైపు నిలబడకండి. చెదిరే కిరణాలు అక్కడే ఎక్కువ.

ఇంటికొచ్చాక

డిశ్చార్జి కాగితాలతో పాటు ఆపరేషన్ తర్వాత తీసిన ఎక్స్‌రే, స్క్రూల స్టిక్కరు కాపీ అడగండి. ఏ లోహం, ఏ సైజు అన్నది దాని మీద ఉంటుంది. రేపెప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే మొదట అడిగేది అదే. టైటానియం అయితే సాధారణంగా ఎమ్మారైకి అడ్డు ఉండదు.

లేచేటప్పుడు నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, మొత్తం ఒళ్లు పక్కకు తిప్పి, కాళ్లు మంచం దించుతూ మోచేతి మీద లేవాలి. ఇంట్లో కింద కూర్చునే దొడ్డి అయితే కమోడ్ కుర్చీ కొనండి. బిందె ఎత్తడం, వంగి వాకిలి ఊడవడం, ముగ్గు పెట్టడం డాక్టరు చెప్పేదాకా ఆపాలి. అమ్మ మొదటి వారమే చీపురు పట్టబోతే నా భార్య దాన్ని అటక మీద పెట్టేసింది. గాయం దగ్గర చీము, జ్వరం, కాళ్లలో కొత్తగా తిమ్మిరి వస్తే చెప్పిన తేదీ దాకా ఆగకుండా వెళ్లండి.

సిమెంటు పెట్టించుకుని అంతటితో అయిపోయిందనుకునే ఇళ్లు చాలా చూశాను. గుల్లబారిన ఎముకకు మందు వాడకపోతే పక్క పూస కూడా నలగొచ్చు, అదే రోగి మళ్లీ నా మిషన్ కిందికి రావొచ్చు. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా పరీక్ష, విటమిన్ డి, కాల్షియం, ఎముక మందు గురించి మీరే అడగండి. అమ్మకు వారానికి ఒకటి 70 మిల్లీగ్రాముల ఎలెండ్రోనేట్ మాత్ర రాశారు. పరగడుపున, ఒక పెద్ద గ్లాసు మామూలు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, టీ కూడా తాగకూడదు. లేకపోతే మాత్ర అన్నవాహికను కాలుస్తుంది, ఒంటికీ పట్టదు. అమ్మకు పొద్దున్నే టీ లేకపోతే తోచదు. అందుకే ఆదివారాన్ని ఎంచుకున్నాం. నాకు సెలవు. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆ అరగంట కబుర్లు చెప్పుకుంటాం, తర్వాత టీ పెడతాను.

మూడో నెల ఎక్స్‌రేకు బావ తనే నడిచి వచ్చాడు. మీరు కూడా ఆ రోజు పాత ఫిల్ములన్నీ, సీడీతో సహా సంచిలో పెట్టుకుని వెళ్లండి. పక్కన పెట్టి పోల్చకపోతే పూస ఇంకా కుంగిందో లేదో కొత్త బొమ్మ ఒక్కటే చెప్పలేదు.